జుకిని తొలి కోత

మా ఇంట్లో ఏ పంటైనా తొలి కోత మా మామ శ్రీరంగప్ప నోట్లో పడాలి. అప్పటిదాకా రెండో గంపకు కత్తి పెట్టకూడదు. మొదటి గంప కాయలు కోసి, దేవుడి పటం ముందు ఉంచి, వండి, తూర్పు ముఖంగా పీట వేసి పెద్దాయనకు మధ్యాహ్నం వడ్డిస్తాం. ఆయన తిని, చెయ్యి కడుక్కుని "కొయ్యండి" అంటే కోస్తాం. ఈ పద్ధతి ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు. తప్పితే ఏమవుతుందో మాత్రం అందరికీ తెలుసు. ఎనిమిదేళ్ళ కిందట నా మొగుడు వీరేష్ తొందరపడి, వాళ్ళ నాయన తినకముందే టమోటాలు మార్కెట్టుకు వేశాడు. ఆ వారంలోనే మా బోరు ఎండిపోయింది. ఆ వేసవిలో చుట్టుపక్కల ఇంకో రెండు వందల బోర్లు ఎండిపోయాయి. వాళ్ళలో ఎవరెవరు టమోటాలు తొందరపడి కోశారో మా ఇంట్లో ఎవరూ విచారించలేదు.

నేను ఈ ఇంటి కోడలిని. పేరు అరుణజ్యోతి. వచ్చి పద్నాలుగేళ్ళయింది. బత్తలపల్లెకు నాలుగు కిలోమీటర్ల దూరంలో మాకు నాలుగెకరాల భూమి ఉంది. అందులో ఒక ఎకరాకే, తర్వాత వేయించిన కొత్త బోరు నీళ్ళు అందుతాయి. మిగతాదంతా వానను నమ్ముకుని వేసే చెనక్కాయ, అదే వేరుశనగ. వాన మమ్మల్ని అంతగా నమ్ముకున్నట్టు కనబడదు.

పద్నాలుగేళ్ళూ వాళ్ళు విత్తమన్నది విత్తాను, తీయమన్న కలుపు తీశాను. ఒక్క మూలైనా, ఒక్క పంటకారైనా, నేను అనుకున్న పంట వేసి చూడాలని ఉండేది. మా పిన్నమ్మ కూతురు హేమావతి సోమందేపల్లె దగ్గర జుకిని వేసిందని తెలిసి పోయి చూసి వచ్చాను. కాయ చూస్తే కీరదోస, ఆకు చూస్తే గుమ్మడి, తీగ మాత్రం లేదు. కుదురుగా ఒకచోటే గుబురుగా కూర్చుని, పచ్చటి పెద్ద పెద్ద పూలు పూసి, నలభై అయిదు రోజులకు కాపుకొస్తుంది. మన వైపు ఎవరూ తినరు. గురప్ప అనే అతను టెంపోలో వచ్చి బెంగుళూరుకు ఎత్తుకుపోతాడు. నాకు ఆ చెట్టు నచ్చింది. పాకులాడకుండా ఉన్నచోటే కాసే చెట్టు మీద నాకు గౌరవం కలిగింది.

మామను అడిగాను. ఆయన చాలాసేపు ఆలోచించాడు.

"పాతిక సెంట్లకు డ్రిప్పు పైపు ఇస్తా. ఈ ఒక్క కారు చూస్తా. బాగుండిందా, మళ్ళీ ఇస్తా. ల్యాకుంటే చెనక్కాయే" అని, "ఇంతకీ ఏం కాయమ్మా అది?" అని అడిగాడు.

పేరు చెప్పాను. ఆయన భుజం మీది తువ్వాలు తీసి మొహమంతా తుడుచుకున్నాడు. చెమట పట్టిందేమో అనుకున్నాను. అది జనవరి నెల.

శివరాత్రి పోయిన పది రోజులకు కాయలు జానెడు పొడవొచ్చాయి. గురప్ప వచ్చి చేను చూసి సంతోషపడ్డాడు. సంతోషపడుతూనే భయపెట్టాడు.

"జానెడు కాయ కావాలక్కా. జానెడు దాటితే బెంగుళూరోళ్ళు ముట్టరు. దినామూ కొయ్యాల. ఒక్క దినం ఇడిస్తే మూరెడైతాది, రెండు దినాలు ఇడిస్తే రోకలైతాది. ముదురుకాయ చెట్టుమింద ఉంటే చెట్టు కొత్త పిందె ఇయ్యదు. ఇంగ తోట పాయ."

"రేపటి నుంచి ఎత్తుకోన్నా" అన్నాను. ఆదివారం సాయంత్రం మొదటి గంప కోశాను.

సోమవారం పొద్దున వంటకు కూర్చున్నాను. నేను అంతవరకు జుకిని తిని ఎరుగను. ఇప్పుడు తిని చూసే వీలూ లేదు. పెద్దాయన తినకముందు ఉప్పు సరిపోయిందా అని నాలుక మీద వేసుకున్నా తప్పే. కాబట్టి బీరకాయను ఏం చేస్తామో దీన్నీ అదే చేశాను. చెక్కు తీశాను, ముక్కలు కోశాను, ముందే ఉప్పేసి మూత పెట్టాను. కాసేపటికి మూత తీస్తే లోపల నీళ్ళు. మా బోరు కూడా అన్ని నీళ్ళు ఎప్పుడూ పొయ్యలేదు. ముక్కలు ఎక్కడున్నాయో గరిటతో వెతుక్కోవలసి వచ్చింది.

పీట వేశాం. మామ వచ్చి, ఆకులోకి చూసి, "సోమారం గదమ్మా, ఒక్క పొద్దు" అన్నాడు.

ఆయన సోమవారం ఒక్క పొద్దు ఉండటం మా అత్త తిప్పమ్మ కూడా అప్పుడే విన్నది. నాకు మాత్రం లోలోపల హమ్మయ్య అనిపించింది. ఆ జావ తిని "కొయ్యండి" అనడం ఎవరికైనా కష్టమే. సాయంత్రం మామ శివప్ప హోటల్లో రెండు బజ్జీలు తింటుండగా వీరేష్ చూశాడు. మిగిలిన కూర ఎవరూ తినకూడదు, గొర్రెలకూ పెట్టకూడదు అంది అత్త. గుంట తీసి పూడ్చాం.

హేమావతికి ఫోన్ చేశాను. ఆమె నవ్వడం అయిపోయేదాకా ఆగాను.

"పొట్టు తియ్యొద్దు. మూత పెట్టొద్దు. మంట పెద్దగా పెట్టు. ఉప్పు కడాకు ఎయ్యి. అది పప్పులో ఉడికించే కాయ కాదు, అట్ల చూపించి ఇట్ల దింపే కాయ" అంది.

మంగళవారం అన్నీ అలాగే చేశాను గానీ, చెయ్యి అలవాటు కొద్దీ ఉప్పు ముందే పడింది. అయినా కూర కూరలా ఉంది, ముక్క ముక్కలా కనిపించింది. మామ పీట దాకా వచ్చి దవడ పట్టుకున్నాడు.

"పన్ను నొప్పమ్మా."

"మెత్తగా ఉండాది మామా. నమిలే పనే ల్యా."

"మెత్తటివే నొప్పి పుట్టిస్తాండాయి."

రెండో గుంట తీశాం.

బుధవారం నేను పొయ్యి వెలిగించేసరికి మామ ఇంట్లో లేడు. గొర్రెలు చూడటానికి ముదిగుబ్బ పోయాడట. గొర్రెలు కొనే ఆలోచన మాకు ఎవరికీ లేదు. సాయంత్రం వచ్చి, గొర్రెలు బాగున్నాయని చెప్పి, మంచం వాల్చుకున్నాడు. పొద్దు దిగాక తొలి కోత తినే ఆచారం మా ఇంట్లో లేదు.

గురువారం తెల్లారగానే చేనులోకి పోయాను. ఆకులు పక్కకు తీస్తే కింద కాయలు పడుకుని ఉన్నాయి. ఒక్కొక్కటి నా ముంజేయి కంటే పొడవు, లావు కూడా. పై ఆకుల దగ్గర పూలు రాలిపోతున్నాయి, పిందె నిలవటం లేదు. చెట్టు బలమంతా ఆ ముసలి కాయలే తాగుతున్నాయి. కత్తి నా చేతిలోనే ఉంది. కోసి పారేస్తే ఎవరు చూస్తారు? కానీ మా అత్తకు నేను మొహం చూపించాలి. ఆ తర్వాత బోరు ఆగినా, మోటారు కాలినా, గొర్రెకు గాలి సోకినా నాదే తప్పవుతుంది. ఏడుపొచ్చింది. ఇంట్లో పెద్దాయన నోరు తెరవనందుకు చేనులో కోడలు ఏడవడమేమిటని ఆ ఏడుపు మీద కోపమూ వచ్చింది. పద్నాలుగేళ్ళకు ఒక్కసారి నాదంటూ ఒకటి కాసింది. అది కాసినందుకే పాడైపోతోంది.

ఇంటికి వస్తుంటే గురప్ప ఫోన్ చేశాడు.

"ఈ దినం సాయంత్రం వస్తా అక్కా. పెట్టెలుంటే ఎత్తుతా. ల్యాకుంటే ఇంగ ఈ తట్టు రాను, ఏమనుకోవద్దు. డీజిలు ఊరికే వస్తాండ్లా."

ఆ రోజు నేను కోపంతో వండాను. కోపం ఆ కూరకు మంచిదని అప్పుడు తెలిసింది, మంట తగ్గించాలన్న ఆలోచనే రాదు. గంపలో మిగిలిన లేత కాయలు పొట్టుతోనే నిలువునా చీల్చి, అర్ధచంద్రాలుగా, మరీ పలచన కాకుండా తరిగాను. ఇనప బాణలి పొగలొచ్చేదాకా కాల్చాను. చెనక్కాయ నూనెలో ఆవాలు, జీలకర్ర, నాలుగు ఎండుమిరపకాయలు, పొట్టుతోనే చితకొట్టిన తెల్లగడ్డలు, గుప్పెడు కరివేపాకు. అవి చిటపటమంటుండగానే ముక్కలు వేసి, గరిటతో ఒకసారి కలిపి ఊరుకున్నాను. ఊరుకోవడమే ఆ వంటలో కష్టమైన పని. కలుపుతూ ఉంటే నీళ్ళు వదిలేస్తుంది. ఒక పక్క ఎర్రబడ్డాక తిరగేసి, వేయించి దంచిన చెనగ్గింజల పొడి చల్లి, దింపే ముందు ఉప్పు వేసి, మామిడికాయ తురుము చిటికెడు రాల్చాను. మొత్తం అయిదు నిమిషాలు కూడా పట్టలేదు. వాసన వీధి దాకా పోయింది. ఎండాకాలం సంగటి ముద్ద పక్కన ఇంత తేలికైన తాళింపు ఉంటే మనిషికి ఇంకేం కావాలి అనిపించింది, రుచి చూడకుండానే.

మామ వచ్చి పీట మీద కూర్చున్నాడు. ఆ వేళ ఒక్క పొద్దూ లేదు, పన్ను నొప్పీ లేదు. సంగటి పెట్టాను, తాళింపు పెట్టాను. ఎదురుగా నిలబడ్డాను.

"మామా, నువ్వు ఈ దినం తినకుంటే గురప్ప మళ్ళీ రాడు. నా తోట పోతాది. నచ్చల్యాకుంటే నచ్చలేదని చెప్పు. నోట్లో పెట్టి చెప్పు."

ఆయన చెయ్యి ఆకు మీదికి పోయింది. తాళింపు ముక్క వేళ్ళకు తగిలింది కూడా. ఆయనకు తినాలని ఉంది. అది నాకు స్పష్టంగా కనిపించింది. గుటక వేశాడు. అంతలో చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"కాశీలో వదిలేసినానమ్మా" అన్నాడు.

మజ్జిగ చెంబుతో వస్తున్న అత్త ఆగిపోయింది. "ఏంది వదిలేసినావు?"

"దీన్నే."

కాశీకి పోయినవాళ్ళు గంగలో మునిగి, తమకు ప్రాణమైన కాయ ఒకటి, పండు ఒకటి వదిలేసి రావాలి. బతికినన్నాళ్ళు మళ్ళీ ముట్టకూడదు. మూడేళ్ళ కిందట ఊళ్ళో బస్సు వేస్తే అత్తా మామా పోయొచ్చారు. అత్త సీతాఫలమూ వంకాయా వదిలింది. వంకాయంటే ఆమెకు ఎంత ప్రాణమో మా వీధికంతా తెలుసు. మామ ఏం వదిలాడో చెప్పలేదు. బయటికి చెబితే పుణ్యం పోతుందన్నాడు. మేం మూడేళ్ళుగా గమనిస్తూనే ఉన్నాం, ఆయన ఏ కూర వద్దంటాడా అని. ఆయన అన్నీ తిన్నాడు. మా ఊళ్ళో దొరికే పండ్లూ అన్నీ తిన్నాడు.

"జుకిని నీకు యాడ తెలుసు?" అంది అత్త.

"బెంగుళూరులో అక్క కొడుకు ఇంటికి పోయినప్పుడు అంగట్లో చూసినా. పేరు రాసిపెట్టినారు." మామ ఆకు వైపే చూస్తూ చెప్పాడు. "ఆడ పంతులు ముందర అందురూ వరసగా చెప్తాండారు. బెండకాయ అందామనుకుంటి, నోరు రాల్యా. చెనక్కాయ అంటే ఇంగెట్ల బతికేది? అప్పుడు ఈ కాయ మతికొచ్చె."

"పంతులు ఏమన్నాడు?"

"పేరు రెండుసార్లు అడిగినాడు. అంతే."

"మరి నేను ఇదే వేస్తానన్నప్పుడు ఏంటికి చెప్పల్యా మామా?" అన్నాను.

"ఈ గడ్డన అది యాడ కాస్తాదిలే అనుకుంటినమ్మా" అన్నాడు. ఆ మాటలో అబద్ధం లేదు. పాతిక సెంట్లకు పైపు ఇచ్చేటప్పుడు ఆయన నమ్మకమంతా కరువు మీదే పెట్టుకున్నాడు.

అత్త మజ్జిగ చెంబు కింద పెట్టింది. గొంతు పెంచలేదు.

"నేనేం వదిలినానో మతికుందా?"

"వంకాయ."

"మూడేండ్లు. నీకు వారానికి రెండు తూర్లు వంకాయ వండి పెడతాండా."

మామ ఆకును కొంచెం అవతలికి జరిపాడు. "మోసంగా చెప్పినా కాశీలో చెప్పిన మాట గదా. తప్పేకి నా చేత కాదు" అన్నాడు. తప్పించుకోవడానికి అన్న మాట కాదు. ఆయన మొహం నిజంగానే వాడిపోయింది. నా తోట పోతోందని ఆయనకూ బాధగా ఉంది. నాకు ఆయన మీద ఇంకా కోపంగానే ఉంది.

అంతవరకు గుమ్మంలో నిలబడి ఉన్న వీరేష్ ముందుకొచ్చాడు.

"అయితే నేను తింటాలే. నాయన తర్వాత నేనే గదా."

సాయం చేద్దామనే అన్నాడు పాపం. నా మొగుడి సాయాలు ఎప్పుడూ ఇలాగే ఉంటాయి. కానీ ఆ మాట చెవిన పడగానే నాలో ఏదో అడ్డం తిరిగింది.

"ఇంట్లో మామ తర్వాత పెద్ద నువ్వా, అత్తా?" అన్నాను.

లెక్క చూస్తే చిన్నపిల్లలకు కూడా తెలిసేదే. నాలుగు రోజులు నేను ఈ మనిషి వెంట విస్తరాకు పట్టుకుని తిరిగాను, పక్కనే ఇంకో పెద్ద మనిషి చెంబు పట్టుకుని నిలబడి ఉంటే. నాకూ తట్టలేదు. తట్టనందుకు సిగ్గేసింది.

"ఆడోళ్ళు తొలి కోత తినింది యాడా ల్యాదే" అన్నాడు మామ. అడ్డుపడుతున్నట్టు కాదు, గుర్తుచేసుకుంటున్నట్టు.

"జుకిని కూడా యాడా ల్యాదు మామా."

ఆయన అత్త వైపు చూశాడు. తర్వాత మోకాళ్ళు పట్టుకుని లేచాడు. లేచి, వంగి, తను కూర్చున్న పీటను భుజం మీది తువ్వాలుతో తుడిచాడు. "కూసో" అన్నాడు.

"నాకేం వద్దుపో. నేనేం తినేది?" అంది అత్త. అంటూనే కొంగు నడుముకు దోపుకుంది.

ఆకు మార్చాను. ఆమె పీట మీద కూర్చుంది. ఎటు తిరిగి కూర్చోవాలో ఆమెకు తెలియక కాదు, నలభై నాలుగేళ్ళుగా ఆ పీట వేసింది ఆమే. అయినా ఒకసారి తూర్పెటో చూసుకుంది. నేను వేడి సంగటి పెట్టి, పక్కన తాళింపు పెట్టాను. మామ చెంబుతో నీళ్ళు తెచ్చి ఆమె చేతి మీద పోశాడు. ఆమె ముద్ద తుంచి, తాళింపులో అద్ది, పైకెత్తి, ఆగిపోయింది.

మామా, వీరేషూ, నేనూ ముగ్గురం వరసగా నిలబడి ఆమె నోటి వైపే చూస్తున్నాం.

"అట్ల నిలబడి చూస్తే ఎట్ల తినేది?" అంది. "మీరు తినేటప్పుడు నేను గోడ చూస్తాంటి."

ముగ్గురం గోడ వైపు తిరిగాం. గోడ మీద పంచాంగం ఉంది. మామ దాన్ని శ్రద్ధగా చదివాడు. వెనక నుంచి ఆమె తినడం వినిపిస్తోంది. తొందర లేదు. చెనక్కాయ పొడి పంటి కింద నలిగిన చప్పుడు, మజ్జిగ పోసుకున్న చప్పుడు. ఉప్పు ఎక్కువైందా, వేగలేదా, చేదుందా? నేను వండి, నేనే రుచి ఎరగని కూర. ఆమె ఒక్క మాట బాగాలేదంటే నా పాతిక సెంట్లు అక్కడితో చెనక్కాయ అవుతాయి. ఆమెకు నన్ను కాపాడాలన్న మొహమాటం ఎప్పుడూ లేదు. నా చేతి చారు గురించి పద్నాలుగేళ్ళుగా నిజమే చెబుతోంది.

"ఇట్ల తిరగండి" అంది.

తిరిగాం. ఆకు ఖాళీగా ఉంది.

"ఉప్పు కొంచెం తక్కవ" అంది. "కాయ బాగుండాది." తర్వాత మామతో, "వచ్చే కారుకు ఇంగో పాతిక సెంట్లకు పైపు ఎయ్యి" అంది.

"అట్లే" అన్నాడు మామ. అంత తొందరగా ఆయన దేనికీ ఒప్పుకోగా నేను చూడలేదు.

"నువ్వెట్లాగూ తినవు గాబట్టి పెట్టెలు మొయ్యి."

"అట్లే."

"కొయ్యండి ఇంగ" అంది అత్త.

వీరేష్ కత్తులకోసం పరుగెత్తాడు. ముదిరినవన్నీ కోసి గొర్రెలకు వేయాలి. వాటి కింద దాక్కున్న జానెడు కాయలు వెతికితే నాలుగు పెట్టెలైనా దొరుకుతాయి. గురప్ప వచ్చేలోగా అయిపోవాలి. నేను కొంగు బిగించి గడప దాటబోతుంటే వెనక నుంచి పిలిచింది.

"ఉండు. ఇంగ కొంచెం పెట్టు."

ఆగాను. ఇంకోసారి పెట్టించుకోవడం తొలి కోత పద్ధతిలో ఉందేమోనని ఒక్క క్షణం ఆలోచించాను.

"తొలి కోతకు గాదు" అంది అత్త, ఆకు నా వైపు జరుపుతూ. "ఆకలైతాంది."

బాణలి తెచ్చి ఉన్నదంతా పెట్టాను. మా అత్తకు ఆకలవుతుందని పద్నాలుగేళ్ళలో నాకు తెలిసింది ఆ మధ్యాహ్నమే.